అభిరామయ్యకు తీర్చిన బాకీ



ఇడుపులపాయ నుంచి పులివెందుల మీదుగా కదిరి చేరితే, అక్కడికి దగ్గరలోనే కటారుపల్లి. యోగి వేమన సమాధి ఉన్న ఊరు అది. మీ పిల్లలు బడిలో వల్లించే ఆటవెలదులు ఆయనవే. ఆయన 17వ శతాబ్దం వాడని పలువురు పండితుల అభిప్రాయం. మన దేశంలో సేవ చేసిన ఫ్రెంచి గురువు ఆబె దుబాయి ఆయనను కడప సీమ వాడిగా తన గ్రంథంలో పేర్కొన్నారు. కడపలో పనిచేసిన సి.పి. బ్రౌను ఆ పద్యాలను సేకరించి 1829లో అచ్చు వేయించారు.

వేమన జీవితం గురించి చరిత్రకు తెలిసింది తక్కువ. జనం తరతరాలుగా చెప్పుకొనే కథ మాత్రం నిలిచింది. యౌవనంలో ఆయన వేశ్యాలోలుడై అన్నగారి సొమ్ము తగలేశాడట. చివరకు వదినగారి నగ కూడా అడిగాడు. ఆమె తిట్టలేదు, తరిమివేయలేదు. నగ ఇస్తూనే, తన మోహం ఎంత వట్టిదో అతడే చూసుకొనేలా చేసింది. వేమన సిగ్గుపడి ఇల్లు చేరాడు.

కథ అక్కడితో ముగిస్తే బాగుండేది. కాని మారిన మనిషి కూడా మళ్లీ తప్పు చేశాడు. అభిరామయ్య అనే కంసాలి ఒక యోగిని భక్తితో సేవించేవాడు. ఆ యోగి అతనికి మంత్రోపదేశం చేయదలచిన రోజున, వేమన అతనిని రాకుండా ఆపించి, తానే వెళ్లి ఆ ఉపదేశం పొందాడు. పుణ్యాన్ని సైతం దొంగిలించవచ్చునన్నమాట!

తరువాత మనస్సు నిలువలేదు. అభిరామయ్య కాళ్లపై పడి తప్పు ఒప్పుకొన్నాడు. అంతటితో ఆగక, తన పద్యాల మకుటంలో అతని పేరు చేర్చాడని పెద్దలు చెబుతారు. పండితులు ఆ మాటకు వేరే అర్థాలు కూడా చెబుతారు. అయినా జనం నమ్మిన ఈ అర్థంలో గొప్ప సత్యముంది. తాను అన్యాయం చేసినవాని పేరును వేమన దాచలేదు, పద్యం పద్యానా గౌరవించాడు.

మనమో? పాపసంకీర్తనంలో తప్పు చెబుతాము. గట్టు జరిపి నష్టపరచిన తమ్ముని గడప మాత్రం తొక్కము. బలిపీఠం దగ్గర కానుక విడిచి, ముందు సోదరునితో సమాధానపడమని ప్రభువు బోధించలేదా?

ఈ ఆదివారం పూజకు వెళ్లే ముందు ఆత్మశోధన చేసుకోండి. మీ అభిరామయ్య ఎవరు? ఆ ఇంటి తలుపు తట్టండి.