నోటీసు జీతానికి చట్టం తెచ్చిన గిరిగారు

మన నంద్యాల ప్రాంతంలో శ్రీ వరాహగిరి వెంకటగిరి గారి పేరెత్తితే పెద్దవాళ్ళు 1969 నాటి రాష్ట్రపతి ఎన్నికనే తలుచుకుంటారు. ఆనాడు ఆయన స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి శ్రీ నీలం సంజీవరెడ్డి గారిని ఓడించారు. ఆ సంజీవరెడ్డి గారే 1977లో మన నంద్యాల నుంచి లోక్‌సభకు నెగ్గి, అదే ఏడు రాష్ట్రపతి అయ్యారు గనుక మా కొత్తపల్లెలో ఆ ముచ్చట ఇంకా చల్లారలేదు. కాని నెల జీతం మీద బ్రతికిన మనబోటివాళ్ళం గిరిగారిని తలుచుకోవలసింది మరొకందుకు.

ఆయన 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. ఐర్లండు స్వాతంత్ర్యవాదులతో సంబంధం ఉన్నదని 1916లో అక్కడి నుంచి పంపివేశారు. ఇక్కడికొచ్చాక రైల్వే కార్మికులే ఆయన లోకమయ్యారు. బెంగాల్ నాగపూర్ రైల్వేవారి ఖరగ్‌పూర్ వర్క్‌షాపుల్లో తెలుగువాళ్ళు చాలామంది. 1927లో అక్కడ మనుషులను తగ్గించబోతే జరిగిన పోరాటంలో గిరిగారు ముందు నిలిచారు. ఆ రోజుల్లో పనిలోంచి తీసేస్తే ఇంటిదారి పట్టడమే, ఇంత సొమ్ము ఇచ్చి పంపాలనే చట్టం లేదు.

1937లో బొబ్బిలి రాజాగారిని ఓడించి మద్రాసు రాష్ట్రంలో కార్మిక మంత్రి అయ్యారు. 1952లో నెహ్రూగారి మంత్రివర్గంలో అదే శాఖ చేపట్టారు. మరుసటి సంవత్సరం బట్టల మిల్లుల్లో సరుకు అమ్ముడుపోక పేరుకుపోయి, వేలమందికి పని పోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు పారిశ్రామిక వివాదాల చట్టానికి సవరణ తెచ్చారు. 1953 అక్టోబరు 24 నుంచి అది అమలయింది. ఏడాదికి తక్కువ కాకుండా పనిచేసినవాడిని తీసివేయాలంటే నెల ముందు నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం చేతిలో పెట్టాలి. పైగా నిండిన ప్రతి సంవత్సరానికీ 15 రోజుల సగటు జీతం. పన్నెండేళ్ళు చేసినవాడికి 180 రోజుల జీతమన్నమాట! మామూలుగా చివర చేరినవాడినే ముందు తీయాలి.

లెక్క బాగానే ఉన్నది, సొమ్ము రాబట్టడమే కష్టం. 1956లో మరో సవరణ వచ్చింది. దాని ప్రకారం బకాయిని భూమిశిస్తు మాదిరి కలెక్టరు ద్వారా వసూలు చేయించుకోవచ్చు. తాలూకా కచేరీలో పనిచేసిన మనకు ఆ పద్ధతి కొత్త కాదు. మూతబడిన ఒక మిల్లులో పనిచేసినాయన నాచేత అర్జీ వ్రాయించుకోవడానికి వచ్చేవాడు. ఆయన దగ్గర నియామకపు ఉత్తర్వు లేదు, జీతపు చీటీ లేదు. పాత ప్రావిడెంటు ఫండు కాగితం ఒక్కటే సర్వీసుకు సాక్ష్యం. మిత్రులు మీ పిల్లలకు కాగితాలు దాచుకోమని చెప్పండి.

గిరిగారికి మాత్రం కోర్టు తగాదాల మీద మోజు లేదు. యజమాని, సంఘం ఎదురుబొదురు కూర్చుని తేల్చుకోవాలన్నదే ఆయన పట్టు. అయినా బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును 1954లో ప్రభుత్వం తగ్గించినప్పుడు మంత్రి పదవినే వదులుకున్నారు. తీర్పు తనకు అక్కరలేని దారిలో వచ్చినదే గదా అని ఊరుకోలేదు. నా దృష్టిలో రాష్ట్రపతి పదవి కంటే ఇదే గొప్ప.

1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతిగా ఉన్నారు. 1975లో భారతరత్న అందుకున్నారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. 2025 నవంబరు 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి రావడంతో ఆ పాత చట్టం పోయింది. నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల జీతం మాత్రం కొత్త కోడ్‌లోనూ ఉన్నవి.