సర్ చార్లెసు బెల్

సర్ చార్లెసు బెల్ 1774వ సంవత్సరమున స్కాట్లాండునందలి ఎడింబరో నగరమున జన్మించెను. ఆయన బాల్యమందే, మతగురువగు తండ్రి గతించెను. తల్లియే బాలునకు చదువు నేర్పెను. అన్నయగు జాన్ పేరుగాంచిన శస్త్రవైద్యుడు. చార్లెసు ఆయనయొద్ద శరీరశాస్త్రము నభ్యసించి, 1804లో లండను చేరెను. 1815లో వాటర్లూ యుద్ధవార్త విని బ్రస్సెల్సునకు బోయి, క్షతగాత్రులకు శస్త్రచికిత్సలు చేసెను.

ఆ కాలమున ముఖశూల యను వ్యాధి వైద్యులను చిక్కుపెట్టుచుండెను. దంతము పుచ్చదు, చిగురు వాచదు. అయినను ఆహారము నమలినంతనే, మొగము కడిగినంతనే, దవడయందు మెరుపువంటి పోటు పుట్టును. రోగులు మంచి దంతములను సైతము పెరికించుకొనిరి; నొప్పి మాత్రము పోలేదు. 1773లో జాన్ ఫాదర్‌గిల్ అను లండను వైద్యుడు ఈ వ్యాధిలక్షణములను వివరించెను గాని, దాని మూలము తెలియలేదు. కొందరు శస్త్రవైద్యులు చెవిచెంతనుండి ముఖమునకు వ్యాపించు ఏడవ నరమును కోసి చూచిరి. నొప్పి తగ్గకపోగా రోగి నోరు వంకరపోయెను, కన్ను మూతపడకుండెను.

ముఖమునకు ఐదవది, ఏడవది యని రెండు నరములు పోవుచుండగా, రెండింటి పనియు నొకటియే యగునా యని బెల్ యోచించెను. జంతుహింస ఆయనకు రోత. అయినను గాడిదపై పరీక్ష తప్పలేదు. ఏడవ నరమును కోయగా ముక్కుపుటము కదలుట మానెను. ఐదవదాని శాఖను కోయగా అచ్చట స్పర్శ నశించెను. ఈ సంగతిని 1821లో రాయల్ సొసైటీకి నివేదించెను. ఐదవ నరము నొసటికిని, పైదవడకును, క్రిందిదవడకును మూడు శాఖలుగా చీలి, దంతములకును స్పర్శజ్ఞానము నిచ్చును. కావున ఈ నరమునందు పుట్టిన బాధ దంతమునందు పుట్టినట్లే తోచును.

బెల్ తలంచినదంతయు నిలువలేదు. ఏడవ నరము శ్వాసకు సంబంధించినదని ఆయన యెంచెను. అది ముఖకండరముల చలనమునకే యని హెర్బర్టు మేయో నిరూపించెను. అయినను, నొప్పి కొరకు ఏడవ నరమును కోయుట తప్పని బెల్ పరిశోధన వలన తేటపడి, ఎందరి ముఖములో వికారము నొందకుండ తప్పించుకొనెను.

1831లో ఆయనకు సర్ బిరుదము లభించెను. 1842లో ఆయన మరణించెను. ఏడవ నరము చెడుటవలన గలుగు ముఖపక్షవాతమునకు ఆయన పేరే నిలిచియున్నది. ఐదవ నరము మెదడును చేరుచోట రక్తనాళ మొత్తుకొనుటయే ముఖశూలకు తరచు కారణమని అమెరికా వైద్యుడు వాల్టర్ డాండీ 1934లో తెలిపెను.

విద్యార్థులారా! బాధ తోచినచోటనే దాని మూలముండునని తలపరాదు. కత్తి పట్టుటకు ముందు కారణమును వెదకుమని ఈ మహనీయుని జీవితము మనకు బోధించుచున్నది.