రాళ్లేరడం నేర్పిన లెక్కల మాస్టారు

దివిసీమ ఉప్పెన మీద కథ రాద్దామని మొన్న కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఉప్పెన అని కొడితే 2021లో వచ్చిన సినిమా, దాని పాటలూ వరసగా దిగాయి. నాకు కావలసింది 1977 నవంబరు 19న మా అమ్మ అవనిగడ్డలో చూసిన ఉప్పెన! మా అమ్మాయి వచ్చి, దివిసీమ ఉప్పెన అన్న రెండు మాటల్నీ కలిపి కొటేషన్ గుర్తుల్లో పెట్టింది. పక్కన ఒక మైనస్ గీసి, ఖాళీ వదలకుండా సినిమా అని తగిలించింది. బియ్యంలో రాళ్లేరినట్టు సినిమా చాలామటుకు పోయింది.

ఇదీ అదీ రెండూ కావాలి, ఇది వద్దు, రెంట్లో ఏదైనా సరే. మనం చీరల కొట్లో రోజూ అనే ఈ మాటల్ని లెక్కల్లోకి దించినవాడు జార్జి బూల్. 1815లో ఇంగ్లండులోని లింకన్‌లో పుట్టాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు గానీ, ఆయన ధ్యాసంతా దుర్భిణీల మీదే. వ్యాపారం దెబ్బతింది. పిల్లవాడు పదహారో ఏటే పంతులుగా చేరి ఇంటిల్లిపాదినీ పోషించాడు. కాలేజీ మెట్లెక్కకుండానే, డిగ్రీ లేకుండానే, 1849లో ఐర్లండులోని కార్క్‌లో ప్రొఫెసరయ్యాడు.

1854లో పుస్తకం వేశాడు. ఉంటే 1, లేకపోతే 0. పట్టుచీరా కావాలి, ఎరుపూ కావాలి అంటే రెంటినీ గుణించడమే. ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నా! 1937లో క్లాడ్ షానన్ అనే అమెరికా కుర్రాడు ఈ లెక్కనే కరెంటు స్విచ్చులకు వర్తింపజేశాడు.

నాకు మాత్రం ఆయన భార్య మేరీ దగ్గరే మనసాగింది. ఎవరెస్టు శిఖరానికి పేరిచ్చిన జార్జి ఎవరెస్టు ఆవిడ తండ్రికి తోబుట్టువు. మన కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ మన్యం జ్వరాన పడ్డాడాయన. మేరీ బూల్ దగ్గర లెక్కలు నేర్చుకుని, 1855లో ఆయన్నే చేసుకుంది.

1864లో బూల్ జోరువానలో కాలేజీకి నడిచెళ్లి, తడిబట్టలతోనే పాఠం చెప్పాడు. జబ్బు చేసింది. తడితో వచ్చింది తడితోనే పోతుందని భార్య తడిదుప్పట్లు కప్పిందంటారు. డిసెంబరు 8న పోయాడు. నలభై తొమ్మిదేళ్లు. ఆవిణ్ణి నిందించడానికి నాకు నోరు రాదు. ఇలాంటి నమ్మకాలు మన ఇళ్లల్లో మాత్రం లేవా? ఐదుగురూ ఆడపిల్లలే, ఆఖరిదానికి ఏడాదైనా నిండలేదు!

మేరీ లండన్‌కు వెళ్లి, ఆడపిల్లల కాలేజీలో లైబ్రేరియన్‌గా చేరింది. అడిగినవాళ్లకి పుస్తకం వెతికిపెట్టే ఉద్యోగమన్నమాట. పిల్లల్లో ఎలీషియా చదువుల మెట్లెక్కకుండానే జ్యామితిలో గొప్పదయింది. లూసీ రసాయనశాస్త్రంలో, ఎథెల్ నవలల్లో పేరు తెచ్చుకున్నారు.

రాత్రి అవనిగడ్డ, నాగాయలంక పేర్ల మధ్య 'లేదా'కు బదులు ఓ, ఆర్ అనే ఇంగ్లీషు పెద్దక్షరాలు రెండు కొట్టి మళ్లీ వెతికాను. అమ్మ కళ్లజోడు తెచ్చుకుని పక్కనే కుర్చీ వేసుకుంది.