అభినవాంధ్ర భోజుడు ఆనంద గజపతి

విజయనగరము కట్టడముల ఊరు. విజయనామ సంవత్సరమున, 1713లో, విజయదశమినాడు విజయరామరాజు పునాది వేసిన కోట మొదలుకొని పెద్ద చెరువు, అయ్యకోనేరు, పైడితల్లి అమ్మవారి కోవెల, మహారాజా కళాశాల, ఘంటాస్తంభము వరకు ప్రతి ఒక్కటియు పూసపాటివారి చరిత్రలో ఒక పుటయే. ఆ వంశమున జనించిన ఒక ప్రభువు కీర్తి మాత్రము రాతికంటె అక్షరమునందే గట్టిగా నిలిచినది. ఆయనయే ఆనంద గజపతి మహారాజు.

ఆనంద గజపతి 1850 డిసెంబరు 31వ తేదీన జన్మించెను. తండ్రి విజయరామ గజపతి మహాదాత. కాశీవాసమునందు మక్కువగల ఆ ప్రభువు దాతృత్వము గంగాతీరము వరకు ప్రవహించినది. అలహాబాదులో మ్యూర్ కళాశాలయందలి మందిరమొకటి విజయనగరము పేరనే వెలసినది. స్వస్థలమున ఆయన 1857లో స్థాపించిన పాఠశాల 1879లో కళాశాలయయ్యెను. ఆ యేడే ఆయన కాలధర్మము నొందగా, ముప్పది యేండ్లైనను నిండని కుమారుడు సింహాసనమెక్కెను.

క్రొత్త ప్రభువు కాలముననే, 1885లో, ఊరి నడుమ ఘంటాస్తంభము లేచినది. ఎనిమిది పలకలుగా, 68 అడుగుల ఎత్తున, ఇసుకరాతితో కట్టిన ఆ స్తంభము ఊరికంతకును గుర్తుగా నిలిచినది. తండ్రి నాటిన విద్యావృక్షము కుమారుని కాలమున ఫలించెను. అచ్చట సహాధ్యాయులై చదివిన గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి పిదప తెలుగు వచనపు నడకనే మార్చిరి. అప్పారావును మహారాజు చేరదీసి, 1891లో సంస్థాన శాసన పరిశోధకునిగా నియమించెను.

ఆనంద గజపతి ఆస్థానము పండితులకు, గాయకులకు, వైణికులకు పుట్టినిల్లు. పేరి కాశీనాథశాస్త్రివంటి వైయాకరణులు, ఆదిభట్ల నారాయణదాసువంటి హరికథా పితామహులు ఆ ప్రభువు ఆదరమునకు పాత్రులైరి. అందుచేతనే లోకమాయనను అభినవాంధ్ర భోజుడని పిలిచినది. ఆయన ఔదార్యము సముద్రములు దాటిపోయినది. మాక్సు ముల్లరు పండితుడు సాయణభాష్యముతో ప్రకటించిన ఋగ్వేదము ప్రతులు దొరకని కాలమున, రెండవ ముద్రణ వ్యయమును ఈ మహారాజు భరించెను. నాలుగు సంపుటములుగ అది 1890 నుండి 1892 వరకు వెలువడినది. భారతభూమిపై ఎన్నడును కాలిడని పండితుడు పరిష్కరించిన వేదమును కళింగసీమ ప్రభువు అచ్చొత్తించుట చరిత్రలోని ఒక వింత.

అయినను ఆ దానములన్నింటికంటె గొప్పది ఒక లెక్క. నాడు విజయనగరము విశాఖపట్టణము జిల్లాలోనిది. ఆ జిల్లా మైదాన ప్రాంతమున మూడేండ్లలో బ్రాహ్మణ కుటుంబములందు సొమ్ము పుచ్చుకొని జరిపిన పెండ్లిండ్ల పట్టికను మహారాజు తయారు చేయించెను. సొమ్ము తీసికొంటిమని ఒప్పుకొనుటకు తల్లిదండ్రులు వెనుదీయుటచే ఆ పట్టిక సమగ్రము కాలేదు. అట్లుండియు 1,034 పెండ్లిండ్లు తేలినవి. ఏటికి సుమారు 344. ఆ పెండ్లికూతుండ్రలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది. రెండేండ్ల శిశువులు ఆరుగురు. ఏడాది పాపలు ముగ్గురు! ఉయ్యాలలోని బిడ్డలకు వెల కట్టిన సంఘము ముఖము ఆ కాగితములలో కనబడినది.

ఆ పట్టిక సంస్థాన దప్తరములోనే ఉండిపోయినచో కాలక్రమమున చెదలకు ఆహారమయ్యెడిది. అప్పారావు ఆ దురాచారమును నాటకముగ మలచెను. 1892లో జగన్నాథ విలాసినీ సభవారు కన్యాశుల్కమును ప్రదర్శించిరి. నాటకమనగా పద్యములు, పురాణకథలు అనుకొను నాటి ప్రేక్షకులు తమ ఇంటి మాటలను, తమ వీథి మనుష్యులను రంగముపై చూచిరి. 1897 జనవరిలో గ్రంథము అచ్చయి మహారాజునకే అంకితమయ్యెను.

ఆ సంతోషము నాలుగు నెలలు మాత్రమే నిలిచినది. 1897 మే 23వ తేదీన, 46వ యేటనే, ఆనంద గజపతి దివంగతుడయ్యెను. ఆయనకు సంతానము లేదు. వారసత్వమును గూర్చి వ్యాజ్యములు సాగినవి. అప్పారావు ప్రభువు సోదరి రీవా మహారాణికి కార్యదర్శియై ఆ చిక్కుల నడుమనే తన నాటకమును తిరిగి వ్రాసి, 1909లో రెండవ కూర్పును వెలువరించెను. నేడు లోకమెరిగిన కన్యాశుల్కము అదియే.

కాలము మారినది. జమీందారీలు పోయినవి. 1958లో మాన్సాస్ సంస్థ ఏర్పడగా, ప్రభువులు కొలువుదీరిన కోటలో విద్యార్థులు చదువుకొనసాగిరి. విజయనగరము చూడవచ్చిన బాలురకు ఉపాధ్యాయులు కోటను, ఘంటాస్తంభమును చూపుదురు, చూపవలసినదే. చూపునప్పుడు పేరైనను చరిత్రకెక్కని ఆ 1,034 మంది బాలికలను గూర్చియు చెప్పవలెను. తన ఏలుబడిలోని పెద్ద కుటుంబములు దాచుకొన్న తప్పును లెక్క కట్టించుటకు ఒక ప్రభువునకు ఎంత ధైర్యము కావలెనో అప్పుడు వారికి తెలియును.