పట్టాపై దిద్దిన మాట: అయ్యలసోమయాజుల లలిత జీవితం

మన దేశంలో ఇంజనీరింగు పట్టా పొందిన తొలి మహిళలలో ఒకరు, విద్యుత్ శాఖలో మొట్టమొదటివారు, ఒక తెలుగింటి ఆడపడుచు. ఈ సంగతి మన సరిహద్దు పల్లెలలో చాలామందికి తెలియదు. ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత. పుట్టింటివారు పప్పువారు. 1919వ సంవత్సరం ఆగస్టు 27న మదరాసు నగరంలో జన్మించారు. ఆనాటి మదరాసు రాజధానిలో తెలుగు, తమిళ జిల్లాలతో పాటు మలబారు, దక్షిణ కన్నడం కూడా ఉండేవి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు బరంపురం కూడా అందులోనిదే. అందుచేత లలిత కథ మనవంటి సరిహద్దు ప్రాంతాల వారికి పరాయి కథ కాదు. తమిళనాట స్థిరపడిన ఒక తెలుగు కుటుంబంలో జరిగిన కథ ఇది.

తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుత్ ఇంజనీరింగు ఆచార్యులు. ఆయనకు ఏడుగురు సంతానం. లలిత అయిదవవారు. మగపిల్లలు తండ్రి బాటలో ఇంజనీర్లయ్యారు. ఆడపిల్లలకు మాత్రం కొంతవరకు చదువు, ఆ తరువాత పెళ్ళి. చదువుకున్న ఆచార్యుల ఇల్లయినా ఆచారం ఆచారమే. సుబ్బారావు గారిని తప్పుపట్టడానికి ఈ మాట వ్రాయడం లేదు. ఇదే తండ్రి కొద్ది సంవత్సరాలకు కుమార్తె కోసం ఏమి చేశారో ముందు చూడబోతున్నాము.

లలితకు పదిహేనవ ఏట వివాహమైంది. ఆడపిల్ల పెళ్ళికి కనీస వయస్సు పద్నాలుగేళ్ళుగా నిర్ణయించిన శారదా చట్టం 1929లో వచ్చింది కాబట్టి ఆ పెళ్ళి చట్టానికి లోబడినదే. పెళ్ళి తరువాత కూడా చదువు మానకూడదని తండ్రి పట్టుబట్టడంతో ఆమె పదవ తరగతి పూర్తిచేశారు. 1937లో ఆడపిల్ల పుట్టింది. ఆ పసిబిడ్డకు నాలుగు నెలలు నిండేసరికి భర్త కన్నుమూశారు. అప్పటికి లలిత వయస్సు పద్దెనిమిదేళ్ళు.

ఆ రోజులలో అగ్రవర్ణాల ఇళ్ళలో వైధవ్యం ఎట్లా ఉండేదో పెద్దలున్న ఇళ్ళవారికి చెప్పనక్కరలేదు. తల జుట్టు తీయించడం, ఒంటిపూట భోజనం, శుభకార్యాలకు ఎదురు రాకూడదన్న కట్టుబాటు, ఇంటి మూల ఒక గది. వితంతు వివాహాన్ని చట్టం 1856లోనే అనుమతించింది. వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినది 1881లో. అయినా అర్ధశతాబ్దం గడిచిన తరువాత కూడా లలితవంటి పిల్ల ముందున్న దారి ఇంచుమించు పాతదే. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఇంటి మూల గదిలోనూ కూర్చోలేదు. బిడ్డను తీసుకుని పుట్టింటికి వచ్చి, తనకు ఒక వృత్తి కావాలని నిశ్చయించుకున్నారు.

మదరాసులోని క్వీన్ మేరీస్ కళాశాలలో చేరి ఇంటర్మీడియెట్ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలయ్యారు. అప్పటికి చదువుకున్న ఆడపిల్లలకు తెలిసిన పెద్ద వృత్తి వైద్యం. మదరాసు వైద్య కళాశాల 1875లోనే స్త్రీలను చేర్చుకున్నది. కనుక ఆ దారి తెరిచే ఉంది. లలిత దానిని ఆలోచించి వదులుకున్నారు. కారణం చాలా సామాన్యమైనది. వైద్యురాలైతే అర్ధరాత్రి పిలుపు వచ్చినా వెళ్ళాలి. పసిబిడ్డను వదలి అట్లా వెళ్ళడం ఆమెకు ఇష్టం లేదు. ఉదయం వెళ్ళి సాయంత్రానికి ఇంటికి చేరుకునే ఉద్యోగం కావాలి. తండ్రి, అన్నదమ్ములు ఇంజనీర్లు కావడం చేత ఆ వృత్తి స్వరూపం ఆమెకు ఇంట్లోనే తెలుసు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగవలసి ఉంది. తొలి మహిళల జీవిత చరిత్రలు వ్రాసేటప్పుడు వారు చిన్ననాడే గొప్ప ఆశయం పెట్టుకున్నట్లు వ్రాయడం మనకు అలవాటు. లలిత విషయంలో అట్లా వ్రాయనవసరం లేదు. బిడ్డను పెంచుకోవాలి, ఒకరి మీద ఆధారపడకూడదు, సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఈ మూడు అవసరాలే ఆమెను గిండీ గుమ్మం వరకు నడిపించాయి. నా దృష్టిలో ఆశయం కన్న ఇది తక్కువది కాదు. మన ఊళ్ళలో కూలికి వెళ్ళే ప్రతి తల్లికీ ఈ లెక్క తెలుసు.

గిండీ కళాశాల 1794లో సర్వే పాఠశాలగా మొదలైంది. దాదాపు నూట యాభై ఏళ్ళ ఆ చరిత్రలో అప్పటివరకు ఒక్క విద్యార్థిని కూడా లేదు. సుబ్బారావు గారు ప్రిన్సిపాలు కె.సి. చాకో గారితో మాట్లాడారు. ప్రజా విద్యా శాఖ డైరెక్టరుగా ఉన్న ఆర్.ఎం. స్టాథమ్ దొర అనుమతి కూడా కావలసి వచ్చింది. ఇద్దరూ కాదనలేదు. 1940లో లలిత విద్యుత్ ఇంజనీరింగులో చేరారు. ఉద్యమం ఏదీ జరగలేదు, సభలు జరగలేదు. లోపల ఉన్న ఒక మనిషి తలుపు తట్టి అడిగాడు, తలుపు తెరుచుకున్నది. నూట యాభై ఏళ్ళు మూసి ఉన్నది ఇంత తేలికగా తెరుచుకున్నదంటే సంతోషంతో పాటు కొంత బాధ కూడా కలుగుతుంది. సుబ్బారావు గారివంటి తండ్రి లేని పిల్లలు ఆ గడప దాకా రాకుండానే నిలిచిపోయారు కదా.

కళాశాలలో వందలమంది మగ విద్యార్థులు, వారి నడుమ ఒక్క అమ్మాయి. ఆమె హాస్టలులోనే ఉన్నారు. బిడ్డ దగ్గరలోనే ఉన్న సోదరుని ఇంట పెరిగింది. వారాంతంలో తల్లి వెళ్ళి చూసి వచ్చేది. తోటి విద్యార్థుల వలన ఆమెకు ఇబ్బందులేమీ కలుగలేదు. కలిగినది ఒంటరితనం. తరగతి అయిన తరువాత మాట్లాడటానికి తనవంటి మనిషి ఒక్కరు లేరు.

సరిహద్దు పాఠశాలలలో పనిచేసే మావంటివారికి ఈ ఘట్టం బాగా అర్థమవుతుంది. లెక్కలలో మంచి మార్కులు తెచ్చుకున్న ఆడపిల్ల తల్లిదండ్రులు ఈనాటికీ ఫీజు గురించి అడిగే ముందు, అక్కడ ఎవరితో ఉంటుంది మాస్టారూ అని అడుగుతారు. దానిని వెనుకబాటుతనం అని తీసిపారవేయడం తేలిక. కాని ఆ ప్రశ్నకు సమాధానం చూపవలసిన బాధ్యత కళాశాలది కూడా.

ఆ సమాధానాన్ని కూడా సుబ్బారావు గారే వెతికారు. ఇంజనీరింగులో స్త్రీలకు ప్రవేశం ఉన్నదని ప్రకటించవలసిందిగా కళాశాలను ఒప్పించారు. మరుసటి సంవత్సరం ఇద్దరు అమ్మాయిలు సివిల్ ఇంజనీరింగులో చేరారు. ఒకరు లీలమ్మ జార్జి, మరొకరు పి.కె. త్రెస్యా. ఇద్దరూ మలయాళ దేశపు వారు. తలుపు తెరవడం ఒక ఎత్తు అయితే, తెరిచి ఉన్నదని నలుగురికీ చెప్పడం మరొక ఎత్తు. ఒక ఆడపిల్ల సరదాకో మినహాయింపుగానో వచ్చి వెళ్ళిందని అనుకోవడానికి వీలు లేకుండా చేసినది ఈ రెండవ పనే.

ఈ ఇద్దరూ లలిత కన్న ఒక సంవత్సరం వెనుక. అయినా రెండవ ప్రపంచ యుద్ధం కారణంగా ఇంజనీరింగు చదువును కొన్ని నెలలు కుదించడంతో ముగ్గురూ ఒకేసారి పట్టభద్రులయ్యారు. 1943తో లలిత చదువు ముగిసింది. పట్టా ముద్రించిన కాగితం మీద విద్యార్థిని ఉద్దేశించి ఆంగ్లంలో అతడు అన్న మాటే అచ్చయి ఉన్నది. విశ్వవిద్యాలయం వారు దానిని కొట్టివేసి ఆమె అని చేతితో వ్రాసి ఇచ్చారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఆ కాగితం అచ్చువేసినవారికి అటువంటి విద్యార్థి ఒకరు వస్తారన్న ఊహే లేదు.

భాష చెప్పే మాస్టారును కనుక ఇక్కడ ఒక ముక్క చెప్పకుండా ఉండలేను. కన్నడంలో ఆమె బందళు, ఆవు బందితు. తమిళంలోనూ స్త్రీకి వేరే క్రియారూపం ఉంది. మన తెలుగులో ఆవు వచ్చింది, అమ్మాయి వచ్చింది, బండీ వచ్చింది. ఏకవచనంలో స్త్రీని మన వ్యాకరణం పశువులతో, వస్తువులతో కలిపి ఒకే గాటన కట్టింది. అచ్చుతప్పును చేతితో దిద్దవచ్చును. దీనిని దిద్దడానికి మనకున్న ఉపాయం గౌరవ బహువచనం ఒక్కటే.

చదువు కాగానే బీహారులోని జమాల్‌పూర్ రైల్వే కర్మాగారంలో ఒక సంవత్సరం పని నేర్చుకున్నారు. ఆవిరి యంత్రాలు, మసి, ఇనుము మధ్య జరిగే శిక్షణ అది. తరువాత 1944లో సిమ్లాలోని కేంద్ర ప్రమాణాల సంస్థలో ఇంజనీరింగు సహాయకురాలిగా చేరారు. అక్కడ సోదరుని కుటుంబం ఉండటం చేత బిడ్డ తన దగ్గరనే ఉండే వీలు కలిగింది. సిమ్లాలో ఉండగానే లండనులోని స్ట్రక్చరల్ ఇంజనీర్ల సంస్థ వారి పరీక్ష వ్రాశారు. 1946లో ఆ ఉద్యోగం వదలి కొన్ని నెలలు తండ్రి పరిశోధనలలో తోడ్పడ్డారు. విద్యుత్తుతో పలికే ఒక సంగీత వాద్యం, పొగలేని పొయ్యి వంటివాటి మీద ఆయన పనిచేస్తూ ఉండేవారు. ఆ పని ఇష్టమైనదే అయినా ఇల్లు గడవాలి కదా.

1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ సంస్థలో చేరారు. దాదాపు ముప్పై సంవత్సరాలు, సంస్థ చేతులు మారిన తరువాత కూడా, అదే పనిలో కొనసాగారు. ఆమె పని విద్యుత్ ప్రసార లైన్ల రూపకల్పన, సబ్‌స్టేషన్ల అమరిక, రక్షణ సాధనాల ఎంపిక. మన ఊరి పొలిమేరలో ముళ్ళకంచె వేసి ఉండే సబ్‌స్టేషను చూసినవారికి ఇది కొంత తెలుస్తుంది. ఏ లైను ఎక్కడినుండి రావాలి, ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడ నిలపాలి, పిడుగు పడినా తీగ తెగినా చెడిన భాగాన్ని మాత్రమే క్షణంలో విడదీసి మిగిలిన ఊళ్ళకు కరెంటు ఆగకుండా చేసే సాధనాలు ఎక్కడ ఉంచాలి అన్నది ముందే కాగితం మీద తేల్చాలి. లెక్క తప్పితే మనుషుల ప్రాణాలు పోతాయి. సట్లెజ్ నదిపై కట్టిన భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ జనరేటర్ల పనిలో ఆమెకు భాగం ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశం ఎంతో ఆశ పెట్టుకున్న నిర్మాణం అది.

లండనులోని విద్యుత్ ఇంజనీర్ల సంస్థ 1953లో ఆమెను అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా ఎన్నుకున్నది. 1964 జూన్‌లో న్యూయార్కు నగరంలో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది. లలితకు ఆహ్వానం వచ్చింది. అప్పటికి మన దేశంలో మహిళా ఇంజనీర్ల సంఘమంటూ ఏదీ లేదు. ఎవరి తరఫున వెళ్ళాలి? స్వంత హోదాలోనే వెళ్ళి వచ్చారు. దారిలో ఇంగ్లండులోని కర్మాగారాలు కూడా చూశారు. మరుసటి ఏడు లండనులోని మహిళా ఇంజనీరింగు సంఘంలో సభ్యురాలయ్యారు.

రెండవ సమావేశం 1967లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జరిగింది. దానికి ఆమె భారత ప్రతినిధిగా పనిచేసి, మన దేశం నుండి అయిదుగురు మహిళా ఇంజనీర్లు వెళ్ళేందుకు ఏర్పాట్లు చేశారు. మూడేళ్ళ క్రితం తాను ఒక్కరే వెళ్ళిన చోటికి ఈసారి అయిదుగురిని పంపారు. గిండీ హాస్టలులో తొలి ఏడాది గడిపిన మనిషికి ఒంటరిగా కూర్చోవడం అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు. ఆమె చేసిన పనులలో నాకు అన్నిటికన్న పెద్దదిగా కనిపించేది ఇదే. పత్రికలు మాత్రం ఆమెను తొలి మహిళగానే పలకరించాయి. ముప్పై ఏళ్ళు లెక్క తప్పకుండా గీసిన లైన్ల గురించి వ్రాసినది తక్కువ.

తోటి విద్యార్థిని త్రెస్యా గారు కేరళ ప్రజాపనుల శాఖలో చేరి అంచెలంచెలుగా ఎదిగి 1971లో ఆ శాఖకు చీఫ్ ఇంజనీరయ్యారు. దేశంలో ఆ పదవి చేపట్టిన తొలి మహిళ ఆమే. లలిత 1977లో ఉద్యోగ విరమణ చేశారు. విశ్రాంతి ఎక్కువ కాలం దక్కలేదు. మెదడులో రక్తనాళం చిట్లడం వలన 1979 అక్టోబరు 12న అరవై ఏళ్ళ వయస్సులో మరణించారు. గిండీ కళాశాల అంతకు ముందు ఏడాదే, 1978లో, కొత్తగా ఏర్పడిన అన్నా విశ్వవిద్యాలయంలో భాగమైంది. ఆమె నాలుగు నెలల పసికందుగా పుట్టింటికి తెచ్చుకున్న బిడ్డకు అప్పటికి నలభై ఏళ్ళు దాటాయి.