నీటి జాడ పట్టిన కూలీ బిడ్డ: డాక్టర్ జాన్ స్నో



2020 మార్చిలో కరోనా వల్ల హాస్టళ్లు మూసేసినప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నాను. ట్రంకు పెట్టె మోసుకుని ఊరికి చేరితే, పట్నం నుంచి వచ్చినవాళ్లే రోగం తెచ్చారని అందరూ మా వాడ వైపు అనుమానంగా చూశారు. మా ఇంటి ముందు నుంచి నడవడం కూడా మానేశారు. రోగం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో నిజంగా తేల్చే మార్గమే లేదా అని అప్పుడు బాధపడ్డాను. ఇప్పుడు ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. నా ప్రశ్నకు నూట డెబ్బై ఏళ్ల క్రితమే జవాబు వెతికిన ఒక మహనీయుడు ఉన్నాడని, ఆయన కూడా మనలాంటి ఇంటి బిడ్డేనని పాఠాల ద్వారా తెలిసింది. ఆయనే డాక్టర్ జాన్ స్నో.

బాల్యం - చదువు

జాన్ స్నో 1813 మార్చి 15న ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో జన్మించారు. తండ్రి బొగ్గు డిపోలో కూలీ. తొమ్మిది మంది సంతానంలో ఈయనే పెద్దవాడు. వాళ్లు ఉన్నది నది ఒడ్డున, వరద వస్తే నీళ్లు చేరే పేదల పేట. పద్నాలుగో ఏట తల్లిదండ్రులు ఆయనను దూరంగా న్యూకాజిల్‌లో ఒక వైద్యుని దగ్గర శిష్యుడిగా చేర్చారు. మనం ఆరో తరగతిలో ఇల్లు విడిచి హాస్టల్‌కు వచ్చినట్టే అనుకోండి.

1831లో కలరా ఇంగ్లండులో అడుగుపెట్టింది. మన పల్లెల్లో పెద్దలు గత్తర అని భయపడింది ఈ రోగానికే. అప్పటికి స్నోకు పద్దెనిమిదేళ్లు. గురువు ఆయనను కిల్లింగ్‌వర్త్ బొగ్గుగని కార్మికులకు వైద్యం చేయడానికి పంపారు. గని లోపల మరుగుదొడ్డి లేదు, చేతులు కడుక్కునే నీళ్లు లేవు. కార్మికులు ఆ చేతులతోనే అక్కడే అన్నం తినేవారు. ఈ దృశ్యం స్నో మనసులో నాటుకుపోయింది.

1836లో ఆయన లండన్ చేరారు. 1838లో సర్జన్‌గా అర్హత పొంది, 1844లో లండన్ విశ్వవిద్యాలయం నుంచి ఎం.డి. సాధించారు. మత్తుమందు ఎంత మోతాదులో ఇవ్వాలో శాస్త్రీయంగా తేల్చి పేరు తెచ్చుకున్నారు. 1853లో, మళ్లీ 1857లో విక్టోరియా రాణి కాన్పులకు క్లోరోఫామ్ ఇచ్చింది ఈ కూలీ బిడ్డే. ఆ పేరుతో హాయిగా బతకొచ్చు. కానీ ఆయన కలరాను వదల్లేదు.

గాలా? నీళ్లా?

ఆ రోజుల్లో కలరా చెడుగాలి వల్ల, దుర్వాసన వల్ల వస్తుందని పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మేవారు. వాసన ఉండేది పేదల పేటల్లోనే కాబట్టి నింద కూడా పేదల మీదే పడేది. వాళ్ల మురికి, వాళ్ల అలవాట్లు, వాళ్ల తాగుడే కారణం అనేవారు. స్నో మాత్రం వేరేగా ఆలోచించారు. గాలి వల్ల వస్తే ముందు ఊపిరితిత్తులు చెడాలి కదా, ఈ రోగం కడుపులో ఎందుకు మొదలవుతోంది అని ప్రశ్నించుకున్నారు. 1848లో హాంబర్గ్ నుంచి ఓడలో వచ్చిన ఒక నావికుడు లండన్‌లో కలరాతో చనిపోయాడు. కొద్ది రోజులకే అదే గదిలో అద్దెకు దిగిన మరో వ్యక్తికి కలరా సోకింది. రోగి విసర్జనలోని ఏదో పదార్థం నీటి ద్వారా ఇంకొకరి నోట్లోకి వెళ్లి, అక్కడ పెరుగుతోందని స్నో 1849లో చిన్న పుస్తకం రాశారు. ఎక్కువమంది నమ్మలేదు.

ఉప్పు చెప్పిన సాక్ష్యం

1854లో కలరా మళ్లీ విజృంభించింది. దక్షిణ లండన్‌లో రెండు కంపెనీలు ఒకే వీధుల్లో పక్కపక్కనే పైపులు వేసి నీళ్లు ఇచ్చేవి. లాంబెత్ కంపెనీ 1852 నుంచి థేమ్స్ నదిలో ఊరికి పైన, శుభ్రమైన చోటి నుంచి నీళ్లు తోడుతోంది. సదర్క్ అండ్ వాక్సాల్ కంపెనీ ఊరి మురుగు కలిసే చోటి నుంచే తోడుతోంది. ఒకే వీధి, ఒకే గాలి. పేదలు, ధనికులు రెండు వైపులా ఉన్నారు. తేడా నీళ్లలోనే.

స్నో చనిపోయినవారి చిరునామాలు తీసుకుని ఇంటింటికీ తిరిగారు. చాలా ఇళ్లలో తమ నీళ్లు ఏ కంపెనీవో వాళ్లకే తెలియదు. అప్పుడాయన ఒక ఉపాయం కనిపెట్టారు. నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే ఉప్పు ఉన్నంత మేర తెల్లగా విరిగినట్టు అవుతుంది. సదర్క్ నీళ్లలో లాంబెత్ నీళ్లకంటే సుమారు 40 రెట్లు ఎక్కువ ఉప్పు ఉంది. మనుషులు చెప్పలేనిది నీళ్లే చెప్పాయి. మొదటి ఏడు వారాల లెక్క తీస్తే ప్రతి పది వేల ఇళ్లకు సదర్క్ నీళ్లు తాగినచోట 315 చావులు, లాంబెత్ నీళ్లు తాగినచోట 37.

అదే ఏడాది ఆగస్టు 31 రాత్రి నుంచి సోహో ప్రాంతంలో పది రోజుల్లో 500 మందికి పైగా చనిపోయారు. ఎక్కువ చావులు బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టే. పక్కనే ఉన్న బీరు ఫ్యాక్టరీ కార్మికులు మాత్రం ఒక్కరూ చనిపోలేదు, వాళ్లు ఆ పంపు నీళ్లు ముట్టలేదు. ఎక్కడో దూరాన హాంప్‌స్టెడ్‌లో ఉన్న ఒక వితంతువు చనిపోయింది. ఆరా తీస్తే, ఆ పంపు నీళ్ల రుచి ఇష్టమై రోజూ బండి మీద తెప్పించుకునేదని తేలింది. స్నో మాట మీద సెప్టెంబరు 8న పంపు పిడి తీసేశారు. జనం పారిపోవడంతో అప్పటికే రోగం తగ్గుముఖం పట్టిందని స్నో స్వయంగా ఒప్పుకున్నారు. గొప్ప కోసం లెక్కను మార్చని నిజాయితీ అది.

1855లో తన పుస్తకాన్ని విస్తరించి, 200 పౌండ్లకు పైగా సొంత డబ్బుతో అచ్చు వేయించారు. పెద్దగా అమ్ముడుపోలేదు. 1858 జూన్ 16న, 45 ఏళ్లకే పక్షవాతంతో కన్నుమూశారు. ది లాన్సెట్ పత్రిక నాలుగు ముక్కల్లో వార్త వేసింది, అందులో కలరా ఊసే లేదు. 155 ఏళ్ల తర్వాత, 2013లో, ఆ పత్రికే తన పొరపాటును సవరించుకుంది.

ఇప్పటి ఉప్పు పరీక్ష

కరోనా కాలంలో జీనోమ్ సీక్వెన్సింగ్ అనే మాట మీరు వినే ఉంటారు. నా దృష్టిలో అది స్నో ఉప్పు పరీక్షకు మనవడు. కరోనా వైరస్ లోపల ఆర్‌ఎన్‌ఏ అనే దారం ఉంటుంది. దాని మీద నాలుగు రకాల అక్షరాలు, మొత్తం సుమారు 30 వేలు. వైరస్ పెరిగేటప్పుడు ఈ రాతకు నకళ్లు తీస్తుంది. మనం ప్రాక్టికల్ రికార్డు ఒకరిది చూసి ఒకరు రాస్తామే, అలాగే. నకలులో తప్పులు దొర్లుతాయి, సగటున నెలకు రెండు అక్షరాలు. ఇద్దరి రికార్డుల్లో ఒకే తప్పు ఉంటే సార్ ఇట్టే పట్టేస్తారు. శాస్త్రవేత్తలు కూడా ఆ తప్పులను బట్టే వైరస్‌ల వంశవృక్షం గీస్తారు.

2020 జనవరిలో తొలి కరోనా జన్యురాత బయటికి వచ్చింది. ఆ డిసెంబరులో మన దేశంలో ఇన్సాకాగ్ అనే ప్రయోగశాలల కూటమి ఏర్పడింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ అందులో ఉన్నాయి. కొన్ని తప్పులు వైరస్‌కు కలిసొచ్చి అది వేగంగా పాకేలా చేస్తాయి. డెల్టా, 2021 నవంబరులో ఆఫ్రికా దక్షిణ దేశాల్లో గుర్తించిన ఒమిక్రాన్ అలా వచ్చినవే.

అయితే ఒక జాగ్రత్త. ఇద్దరి వైరస్‌లో ఒకే తప్పు ఉందంటే ఒకరే ఇంకొకరికి అంటించారని కాదు. ఇద్దరూ మూడోవాడి రికార్డు చూసి రాసి ఉండొచ్చు. అందుకే తేదీ, ఊరు, ప్రయాణం అడిగి తెలుసుకోవాలి. 2010లో హైతీలో కలరా వచ్చినప్పుడు జరిగింది ఇదే. ఒకవైపు పరిశోధకులు నది వెంట ఊరూరా తిరిగి ఆరా తీశారు, మరోవైపు జన్యురాత నేపాల్ కలరాతో ఒకటి రెండు అక్షరాల తేడాతో సరిపోయింది. యంత్రం మారింది గానీ, గడప గడపకూ వెళ్లి అడిగే పని మారలేదు.

తమ్ముళ్లారా! మా వాడను అనుమానించినవాళ్ల మీద ఇప్పుడు నాకు కోపం లేదు. వాళ్ల దగ్గర లెక్క లేదు, భయమే ఉంది. లెక్క లేనిచోట నింద ఎప్పుడూ బలహీనుడి గుమ్మం దగ్గరే ఆగుతుంది. ఆ లెక్క తీసేవాళ్లు మన హాస్టళ్ల నుంచి రావాలి. సైన్సు గ్రూపు కష్టమని, ఇంగ్లీషు రాదని వెనక్కి తగ్గకండి. బొగ్గు డిపో కూలీ కొడుకు లండన్ వీధుల్లో సీసాతో నీళ్లు పట్టుకుని తిరిగిన సంగతి గుర్తు పెట్టుకోండి. రేపు మీ ఊళ్లో ఏదైనా రోగం వస్తే, ఎవరి వల్ల అని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. ఎలా వచ్చింది అని అడిగేవాడు మీలో ఒకడై ఉండాలి.