బోదకాలు మందు ఇచ్చిన మనవాడు

బోదకాలు బాధ గోదావరి డెల్టా కూలీకి మేం చెప్పనక్కర్లేదు. దానికి మందు కనిపెట్టినాయన మన భీమవరంలో పుట్టినవాడే.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న జన్మించారు. స్ప్రూ జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరిని పొట్టన పెట్టుకుంది. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు తెల్లదొర ప్రొఫెసరుకు కోపమొచ్చింది, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 1923లో అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేస్తూ చదివారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. ఆయన బృందం 1945లో స్ప్రూకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. 1947లో నెత్తుటిలోని బోదకాలు పిల్లపురుగులను చంపే డి.ఇ.సి. మందునిచ్చింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

మందు పుట్టింది సరే, పేదోడి గుమ్మానికి చేరొద్దా? బోదకాలున్న జిల్లాల్లో ఏటా ఇంటింటికీ మాత్రలు పంచే దేశవ్యాప్త కార్యక్రమం 2004లోగానీ రాలేదు. కాలు వాచాక మాత్ర ఆ వాపును తీయలేదు. పైకి జబ్బు కనపడనప్పుడే ఊరంతా మింగాలి. కొల్లేటి లంకల్లో, ఏలూరు, తాడేపల్లిగూడెం పల్లెల్లో కూలిజనం పొద్దున్నే పనికిపోతారు. పగలు తాళమేసిన ఇంటికొచ్చి లెక్క రాసుకుంటే ఏం లాభం? ఏ మందు పంచినా సాయంత్రం పేటకు రావాలి, చెరువుగట్టుకు, చేనుగట్టుకు రావాలి. అలా రమ్మని మనం గట్టిగా అడగాలి. సుబ్బారావును తలచుకోవడమంటే అదే.